స్థాపించారా, స్థాపించాడా?

బాబాయి రాసిచ్చినవి పదకొండు పేజీలు. నేను ఎర్ర సిరాతో దిద్ది తిరిగిచ్చేసరికి మిగిలింది పేజీన్నర. మొన్న ఆదివారం పోరంకిలో ఆయన ఇంటి వరండాలో కూర్చుని ఆ పేజీన్నర మీద చీకటిపడేదాకా వాదించుకున్నాం.

రాసింది శ్రీచైతన్య విద్యాసంస్థలు పెట్టిన బొప్పన సత్యనారాయణరావు జీవితం గురించి. బి.ఎస్. రావు అంటే అందరికీ తెలుస్తుంది. తెలుగు వికీపీడియాకు పనికొచ్చేట్టు చూసిపెట్టమని బాబాయి అడిగారు. బాబాయి బెజవాడ చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లో ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పారు. నేను అలాంటి ఒక కాలేజీ హాస్టల్లో రెండేళ్లు ఉండి చదివాను. అవి ఏ కాలేజీలన్నది ఈ మాటలకు అవసరం లేదు. ఎవరి మనసు ఎటు మొగ్గుతుందో చదివేవాళ్లకు తెలియాలని మాత్రం ముందే చెబుతున్నాను.

బాబాయి: దిద్దమంటే తూర్పారబట్టావేమ్మా!

నేను: తూర్పారబడితే గింజ ఎక్కడికీ పోదు బాబాయ్, పొల్లే పోతుంది.

బాబాయి: మొదటి వాక్యమే పొల్లా? మూడు రోజులు ఆలోచించి రాశాను దాన్ని.

నేను: ఒక్కసారి పైకి చదవండి.

బాబాయి: "కృష్ణమ్మ ఒడ్డున విద్యాజ్యోతిని వెలిగించి, లక్షలాది కుటుంబాల తలరాత మార్చిన విద్యాదాత, దార్శనికుడు, నిరాడంబరుడు డాక్టర్ బి.ఎస్. రావు గారు." ఇందులో అబద్ధమేముంది?

నేను: అబద్ధమని నేననలేదు. కృష్ణమ్మ తీసేసి పెన్నమ్మ అని రాస్తే ఇదే వాక్యం నెల్లూరులో ఇంకొకరికి సరిపోతుంది. పలాసలో పదో తరగతి పిల్ల ఇది చదివితే ఆయన ఎప్పటి మనిషో, ఏం చదివాడో, ఏ ఊళ్లో ఏం పెట్టాడో ఒక్కటీ తెలియదు. నేను దాని బదులు రాసింది చూడండి. "బొప్పన సత్యనారాయణరావు వైద్యుడు, శ్రీచైతన్య విద్యాసంస్థల వ్యవస్థాపకుల్లో ఒకడు. ఇంగ్లండు, ఇరాన్ దేశాల్లో వైద్యుడిగా పనిచేసి తిరిగివచ్చి, 1986లో భార్య ఝాన్సీ లక్ష్మీబాయితో కలిసి విజయవాడలో బాలికల జూనియర్ కళాశాలను స్థాపించాడు. 2023 జూలై 13న మరణించాడు."

బాబాయి: అదిగో, నా కడుపుమంట అక్కడే. "ఒకడు" అట. "స్థాపించాడు" అట. "మరణించాడు" అట. మన వీధి చివర టీకొట్టు నడిపే అతన్ని కూడా "ఏమండీ" అంటాం మనం. పోయిన పెద్దమనిషిని పట్టుకుని వాడూ వీడూ అన్నట్టు రాస్తావా? ఇది తెలుగువాళ్లు రాసే రాతేనా?

నేను: తెలుగు వికీపీడియాలో గారు, శ్రీ లాంటివి వాడరు. క్రియ ఏకవచనంలో ఉంటుంది. నాకూ మొదట్లో చెయ్యి ఆడలేదు. కందుకూరి వీరేశలింగం పుట్టాడు అని టైపు చేసి, వెనక్కి వెళ్లి పుట్టారు అని మార్చి, మళ్లీ పుట్టాడు చేశాను. కానీ ఆలోచించండి. గౌరవం ఇవ్వడం మొదలుపెడితే ఎవరి దగ్గర ఆపాలి? కలెక్టరు వచ్చారంటాం, బంట్రోతు వచ్చాడంటాం. అది మన నోటికున్న అలవాటు. ఆ అలవాటునే గ్రంథంలోకి తెస్తే, ఎవరికి "రు" పెట్టాలో ఎవరికి "డు" పెట్టాలో తేల్చే పని రాసేవాడి మీద పడుతుంది. రాముడు అడవికి వెళ్లాడంటాం కదా!

బాబాయి: దేవుడి సంగతి వేరు. అది చనువు. రావు గారితో నీకూ నాకూ చనువేమిటి?

నేను: సరే, మనుషుల దగ్గరికే వద్దాం. మీ రెండో పేజీలో ఇలా ఉంది: "రావు గారు కళాశాలను స్థాపించారు. ఆయన సతీమణి ఝాన్సీ లక్ష్మీబాయి చేదోడువాదోడుగా నిలిచింది." ఆయన స్థాపించారు, ఆవిడ నిలిచింది. చూశారా? ఆయనకు గారు, బహువచనం. ఆవిడకు రెండూ లేవు. ఆవిడా డాక్టరే. బయటి దేశాల్లో ఆయనతో పాటు పనిచేసి తిరిగొచ్చిన మనిషే. 2023లో ఆయన పోయినప్పుడు వచ్చిన వార్తల్లో కూడా ఇద్దరూ కలిసి ఆ సంస్థలు పెట్టారనే ఉంది. మీ రాతలో మాత్రం ఆవిడ టిఫిన్ క్యారియర్ పట్టుకుని పక్కన నిలబడినట్టుంది.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. లోపల పిన్ని చెంబులూ గిన్నెలూ సర్దుతున్న చప్పుడు ఆగింది. వింటోందని ఇద్దరికీ తెలిసింది.

బాబాయి: నిజమే. చూసుకోలేదు. చెయ్యి అలవాటు.

నేను: ఆ అలవాటుకు దాక్కునే చోటు లేకుండా చేయడానికే అందరికీ ఒకటే వచనం.

బాబాయి: ఆగాగు. అంత తొందరగా గెలిచేయకు. మన భాషలో ఏకవచనం అందరికీ ఒకటెక్కడుంది? ఆయన "స్థాపించాడు", ఆవిడ "స్థాపించింది". ఆవిడా వచ్చింది, బస్సూ వచ్చింది, గేదే వచ్చింది. మగాడికి మనిషి క్రియ, ఆడదానికి గొడ్డు క్రియ. ఇద్దరికీ "స్థాపించారు" అంటే ఇద్దరూ మనుషులవుతారు. నీ నియమమే ఆడవాళ్లకు ఎక్కువ అన్యాయం చేస్తోంది.

దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. వ్యాకరణంలోనే ఉన్న ఈ లోటును ఒక నియమం పూడ్చలేదు. "ఇద్దరూ కలిసి స్థాపించారు" అని ఇద్దర్నీ ఒకే వాక్యంలో కూర్చోబెడితే బహువచనం న్యాయంగానే వస్తుందని చెప్పి ఆ వాక్యాన్ని అలాగే మార్చాను. బాబాయి చెప్పినదాంట్లో నేను ఒప్పుకున్న మొదటి దిద్దుబాటు అది.

బాబాయి: ఇంక "విద్యాదాత" సంగతి. దాన్నెందుకు కొట్టేశావు?

నేను: ఈ ఊళ్లో ఆ మాటకు ఒక లెక్క ఉంది కాబట్టి. ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీ 1937 నాటిది. ఆ ఆరు అక్షరాలూ డబ్బిచ్చినవాళ్ల పేర్లే. కె.బి.ఎన్. కాలేజీ 1965లో వచ్చింది, అదీ అలాంటి పేరే. బందరులో కోపల్లె హనుమంతరావు వకీలు పని వదిలేసి జాతీయ కళాశాల కోసం బతుకంతా పెట్టాడు. ఇచ్చినవాడు దాత. ఫీజు తీసుకుని చదువు చెప్పినవాడు దాత కాదు. ఫీజు తీసుకోవడం తప్పని నేననడం లేదు. రెండూ ఒకటి కావంటున్నాను.

బాబాయి: అయితే "విద్యా వ్యాపారి" అని రాసుకో. నీ మనసులో ఉన్నది అదేగా.

నేను: అదీ కొట్టేశాను. మూడో పేజీ అంచున మీ స్నేహితుడెవరో పెన్సిలుతో రాశారు కదా, "చదువును సరుకు చేసిన వ్యాపారి" అని. మీ "విద్యాదాత" మీద ఎర్రగీత ఎంత లావుందో దాని మీదా అంతే ఉంది. చూడండి.

బాబాయి: ఆ రాసినవాడు నాతో ఇరవయ్యేళ్లు పనిచేశాడు. వాడికి కోపం ఉంది.

నేను: కోపానికి కారణం ఉండొచ్చు. మీ కృతజ్ఞతకూ కారణం ఉంది. రెండూ వ్యాసంలోకి రావు. ఇంతకీ "వ్యాపారి" అనేది తిట్టెందుకయింది బాబాయ్? ఎలకుర్రు మన పక్కనే. కాశీనాథుని నాగేశ్వరరావు ఆ ఊరివాడే. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ తలనొప్పి మందు డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపాడు. ఆయన వ్యాసంలో అమృతాంజనం అమ్మాడని రాస్తే ఆయనేం తగ్గిపోయాడు?

బాబాయి: ఆయన్ని "విశ్వదాత" అన్నారు. నీ లెక్క ప్రకారం అదీ కొట్టేయాలిగా?

నేను: కొట్టేయను. "విశ్వదాత అనే బిరుదు పొందాడు" అని రాస్తాను. అది జరిగిన విషయం. "విశ్వదాత నాగేశ్వరరావు" అని మొదలుపెట్టను. అప్పుడు బిరుదు ఇస్తున్నది నేనవుతాను. అంత అధికారం నాకు లేదు.

బాబాయి: ఈ తేడా బాగానే ఉంది. సరే, ఇది చెప్పు. "ఆంధ్రదేశంలో ఆడపిల్లల చదువుకు తొలిసారి తలుపులు తెరిచారు" అని రాశాను. ఆయన మొదలుపెట్టింది ఆడపిల్లల కాలేజీతోనే కదా. 1986లో మన పల్లెల్లో ఆడపిల్లను హాస్టల్లో వేయడానికి ఎంతమంది ఒప్పుకునేవాళ్లు? మీ అమ్మనే అడుగు. గుడివాడ దాటి పంపలేదు.

నేను: ఆడపిల్లల కాలేజీతో మొదలుపెట్టడం మీ పదకొండు పేజీల్లోకెల్లా గట్టి విషయం. దాన్ని మీరు నాలుగో పేజీలో దాచి, పైన "తొలిసారి" అని మూతపెట్టారు. ఇదే ఊళ్లో మేరీస్ స్టెల్లా కాలేజీ 1962 నుంచి ఉంది. వేగె కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి బడి పెట్టి, తర్వాత మహిళా కళాశాల దాకా తీసుకెళ్లింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు ఆవిడకు. మీ "తొలిసారి" చదివిన మాంటిస్సోరి పాత విద్యార్థిని ఒక్కరు చాలు, మొత్తం వ్యాసాన్నే నమ్మకుండా పోవడానికి. అందుకే దాన్ని తీసేసి, "బాలికల జూనియర్ కళాశాల" అన్నది మొదటి వాక్యంలోకి తెచ్చాను.

బాబాయి: మరి అంకెలు? "వేలాది విద్యాసంస్థలు" అన్నదాన్నీ మార్చావు.

నేను: వేలాది కావు కాబట్టి. ఆయన పోయినప్పుడు పత్రికలు రాసినవి 321 జూనియర్ కాలేజీలు, 322 టెక్నో స్కూళ్లు, 107 సీబీఎస్ఈ బడులు. అన్నీ కలిపితే 750. చదివేవాళ్లు ఎనిమిదిన్నర లక్షలు. మీ "వేలాది" కన్నా ఈ 750 పెద్దగా కనిపించడం లేదూ? కాకపోతే ఇవి పత్రికలు తిరిగి లెక్కపెట్టిన అంకెలు కావు, సంస్థ చెప్పినవి. అందుకని "సంస్థ లెక్క ప్రకారం" అని ముందు చేర్చాను. ఆ మూడు మాటలూ మీరు తీసేయకండి.

బాబాయి: ఎర్ర సిరాతో "సంస్థ లెక్క ప్రకారం" అని రాస్తే అనుమానించినట్టుంది.

నేను: అది అనుమానించడం కాదు, ఎవరు చెప్పారో చెప్పడం. జూన్ నెలలో పేపరు తెరిస్తే మొదటి పేజీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. వార్తలు రెండో పేజీకి పోతాయి, మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు ఫొటోలూ హాల్‌టికెట్ నంబర్లూ ర్యాంకులూ. ఒకే పిల్లాడి ఫొటో రెండు కాలేజీల ప్రకటనల్లో వచ్చిన రోజులు మనమిద్దరం చూశాం. ముప్పై, నలభై ఏళ్లుగా మన డెల్టా ఇంటర్ చదువుల చరిత్రను రాసింది ఆ మొదటి పేజీలే. డబ్బిచ్చి వేయించుకున్న పేజీ మూలం కాదు. దాన్ని పక్కన పెడితే ఈయన గురించి చేతికి మిగిలేది ఆయన పోయిన రోజు వచ్చిన వార్తలు. పోయిన రోజున ఎవరూ ఎవరి గురించీ అడగాల్సిన ప్రశ్నలు అడగరు. నేను పేజీన్నర దగ్గర ఆగింది అందుకే. నా దగ్గర కత్తెర ఉందని కాదు, మన దగ్గర కాగితం లేదని.

బాబాయి: అదెలా కుదురుతుంది? మొన్న ఆ చైనా ఆయన గురించి చదివాను. యూ మిన్‌హాంగ్. కోచింగు సెంటర్లాయనే. ఆయన గురించి చదివినకొద్దీ వస్తూనే ఉంది. మనాయనకు పేజీన్నరా?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఒకప్పుడు బెజవాడ ఇంటర్ పిల్లలకు "చైనా" అంటే దేశం కాదు. శ్రీచైతన్య, నారాయణ కలిసి కొన్నాళ్లు నడిపిన క్యాంపస్‌లకు రెండు పేర్ల మొదళ్లు కలిపి పెట్టుకున్న పేరది. అందుకే బాబాయి "నిజం చైనా" అని ఒకసారి, "మన చైనా" అని ఒకసారి అంటూ మాట్లాడారు.

నేను: యూ మిన్‌హాంగ్ సంగతే మంచి ఉదాహరణ. పల్లెటూరి పిల్లాడు. యూనివర్సిటీ ప్రవేశపరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి 1980లో పెకింగ్ యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నాడు. 1993లో బీజింగ్‌లో న్యూ ఓరియెంటల్ పెట్టాడు. 2006లో ఆ కంపెనీ షేర్లను న్యూయార్క్ మార్కెట్లోకి తీసుకెళ్లాడు. అక్కడే ఉంది తేడా అంతా. షేర్లు అమ్మాలంటే ఆదాయం ఎంతో, ఖర్చెంతో, ఏ ప్రమాదం పొంచి ఉందో తనే రాసి లోకం ముందు పెట్టాలి. అబద్ధం రాస్తే కోర్టుకు లాగుతారు. అందుకని ఆయన గురించి ఆయన్ని పొగడని కాగితాలు కూడా గుట్టలుగా ఉన్నాయి.

బాబాయి: 2021లో వాళ్ల ప్రభుత్వం ఒక్క దెబ్బకు కూలదోసిందట కదా.

నేను: బడి సబ్జెక్టుల ట్యూషన్ మీద లాభం తీసుకోకూడదని ఆ ఏడు జూలైలో ఆంక్ష పెట్టారు. అరవై వేల మందిని పనిలోంచి తీసేశామని ఆయనే తర్వాత చెప్పాడు. ఆపైన కంపెనీ పంతుళ్లు కెమెరా ముందు నిలబడి బియ్యమూ మొక్కజొన్నలూ అమ్ముతూ మధ్యమధ్యలో ఇంగ్లిషు చెప్పారు. గెలుపూ ఓటమీ రెండూ రికార్డులో ఉన్నాయి కాబట్టి అంత పొడుగు జీవితచరిత్ర రాయడం కుదిరింది. మన దగ్గర కాలేజీ అంటే సొసైటీ పేరునో ట్రస్టు పేరునో నడవాలి. చదువు లాభసాటి వ్యాపారం కాకూడదని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. ఆ కేసు పేరే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో, సంస్థ పెరుగుదలకు తగిన మిగులు ఉండొచ్చని సడలించింది. నోటిమాటకు "కార్పొరేట్ కాలేజీ" అంటాం గానీ, కార్పొరేట్ కంపెనీ జనం ముందు పెట్టాల్సిన లెక్కల పుస్తకం మన చేతికి రాదు.

బాబాయి: అంటే డబ్బున్న దేశం కాగితాలున్నవాడే గొప్పవాడు, మనవాడు మొలక.

"మొలక" అన్నది తెలుగు వికీపీడియాలో మరీ చిన్న వ్యాసానికి వాడే మాట. నారుమళ్లు చూస్తూ పెరిగిన మనిషి నోట ఆ మాట ఎత్తిపొడుపులా వచ్చింది.

నేను: మొలకంటే చిన్నతనమేముంది బాబాయ్? ఊడ్చాల్సిన నారు అది.

బాబాయి: సరే, నన్ను చెప్పనీ. నువ్వు కాగితం కాగితం అంటున్నావు. నేను ఎమ్మెస్సీ పూర్తిచేసేనాటికి గవర్నమెంటు కాలేజీల్లో పోస్టుల్లేవు. ట్యుటోరియల్లో గంటకింత అని ఇచ్చేవాళ్లు. తర్వాత ఈ కాలేజీలొచ్చాయి. నేను రావు గారి దగ్గర ఒక్కరోజు కూడా పనిచేయలేదు. కానీ ఆయనా ఆయన్ని చూసి మిగతావాళ్లూ పెట్టిన పద్ధతి వల్లే నా తరం లెక్చరర్లకు నెలజీతం అనేది తెలిసింది. దివిసీమ కౌలురైతు కొడుకు నా క్లాసులో కూర్చుని ఇంజనీరై అమెరికా వెళ్లాడు. వాళ్ల నాన్న నాకు బెల్లం బుట్ట తెచ్చిచ్చాడు. ఈ బందరు రోడ్డు పొడవునా పోరంకి, తాడిగడప, కానూరు చూడు. మా చిన్నప్పుడు చెరుకు తోటలు, వరిచేలు. ఇప్పుడు హాస్టళ్లు. ఒక డెల్టా తన పంటను పిల్లల మీద పెట్టుబడి పెట్టిన కథ ఇది. ఏ పేపరూ దీన్ని రాయలేదు. రాయలేదు గనక జరగలేదంటావా?

నేను: జరగలేదనను.

బాబాయి: అంటున్నావు. ఐదో పేజీ నుంచి తొమ్మిదో పేజీ దాకా అదే రాశాను. అడ్డంగా ఒక్కటే గీత గీశావు.

ఆ గీత నేను ఆలోచించకుండా గీసినదే. మిగతా చోట్ల పక్కన కారణం రాశాను, అక్కడ రాయలేదు. ఆయన బాధపడ్డది కోతకు కాదు, కారణం చెప్పనందుకు. దిద్దేవాళ్లం ఈ తప్పు చాలా తరచుగా చేస్తాం. నియమం మన చేతిలో ఉంది కదా అని, ఎదుటివాడు నాలుగు రాత్రులు కూర్చుని రాసినదాని పక్కన నాలుగు మాటలు రాయడానికి బద్ధకిస్తాం.

నేను: అక్కడ కారణం రాయకపోవడం నా తప్పే. ఇప్పుడు చెబుతాను. ఆ ఐదు పేజీలూ పొల్లు కాదు. అవి రావు గారి జీవితం కాదు, అంతే. మీ జీవితం. ఆయన వ్యాసంలో వాటిని పెడితే, మీ బెల్లం బుట్ట పుణ్యం కూడా ఆయన ఖాతాలోకి పోతుంది. మీరు చెప్పిన ఫిజిక్సుకు వచ్చిన బుట్ట అది.

బాబాయి: (చాలాసేపటికి) మరి నీ సంగతేమిటి? నీకు ఆ హాస్టళ్ల మీద ఎంత కోపమో నాకు తెలియదా? ఒక్క మాటా చేర్చలేదేం?

నేను: చేర్చాలని ఉంది. తెల్లవారుజామున ఐదింటికి లైట్లు వేసేవాళ్లు. రాత్రి పదిన్నరకు స్టడీ అవర్ అయ్యేది. వారం వారం పరీక్ష. మార్కుల్ని బట్టి సెక్షన్ మారేది. మొదటి సెక్షన్లోంచి మూడో సెక్షన్లోకి దిగిన రోజు నాతో రోజూ అన్నం తిన్న అమ్మాయి ఇంకో బల్ల మీద కూర్చుంది. ఇంటికి ఫోను ఆదివారం పది నిమిషాలు, వెనక ఇరవై మంది క్యూ. అమ్మతో "బాగున్నాను" అనే చెప్పేదాన్ని. వెనక వింటున్నారు కదా. అది నేను చదివిన కాలేజీ కథ, ఒక్క కాలేజీది. ఇంకొకరి జీవితచరిత్రలో దాన్ని ఎలా పెడతాను?

బాబాయి: అంటే ఆ పిల్లల సంగతి ఎక్కడా రాయకుండా వదిలేస్తావా? నేను క్లాసులో చూసినవాణ్ణి. కొందరి ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. మా స్నేహితుడి పెన్సిలు రాత ఆ కోపమే.

నేను: వదలను. రాయాల్సిన చోటు వేరు. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో పిల్లల చావుల మీద ప్రభుత్వాలే కమిటీలు వేశాయి. 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ. రోజుకు ఎన్ని గంటలు చదివిస్తున్నారు, సెలవు ఇస్తున్నారా, ఆటస్థలం ఉందా అనే ప్రశ్నలు ఆ కమిటీల దాకా వెళ్లాయి. "ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ విద్య" అని ఒక వ్యాసం రాసి, కమిటీలు ఏమన్నాయి, ప్రభుత్వం ఏం చేసింది, ఏం చేయలేదు అన్నది తేదీలతో అక్కడ పెట్టాలి. అది ఈ వ్యాసం కన్నా పొడుగ్గా ఉండాలి. ఒక మనిషి మీదకు మొత్తం వ్యవస్థను తోసేస్తే ఆ వ్యవస్థలో ఉన్న మిగతావాళ్లం అందరం తప్పించుకుంటాం. ఫీజు కట్టినవాళ్లు, పాఠం చెప్పినవాళ్లు, ర్యాంకుల ప్రకటన అచ్చేసినవాళ్లు, అందరం.

బాబాయి: పాఠం చెప్పినవాళ్లు కూడానా?

నేను: నేను ఫోన్లో అమ్మకు "బాగున్నాను" అని చెప్పడం కూడా, బాబాయ్.

పిన్ని టీ తెచ్చి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది. కాగితాల్లోంచి రెండో పేజీ వెతికి తీసి, ఝాన్సీ లక్ష్మీబాయి పేరున్న చోట వేలు పెట్టి చదువుకుంది. ఏమీ అనలేదు. ఆ కాగితం పైన పెట్టి వెళ్లింది.

బాబాయి: కొమర్రాజు లక్ష్మణరావు పంతులు బతికుంటే ఏమనేవారో. మన పాత కృష్ణా జిల్లా మనిషే, పెనుగంచిప్రోలు.

నేను: ఆయనకు మనకున్నన్ని కాగితాలు కూడా లేవు. శాసనాలు వెతుక్కుంటూ, తాళపత్రాలు తిరగేస్తూ మూడు సంపుటాల ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తెచ్చాడు. పని పూర్తికాకుండానే 1923లో పోయాడు, నిండా యాభై కూడా లేవు. తర్వాత ఆ బరువు ఎత్తుకున్నది మన అమృతాంజనం నాగేశ్వరరావే. 1938లో ఆయనా పోయాడు, పని మిగిలే ఉంది.

బాబాయి: పోయారు అనవే ఆ ఇద్దర్నయినా!

నేను: పోయారు బాబాయ్. ఇద్దరు కదా, బహువచనమే.

మొదటిసారి నవ్వారు ఆయన. కాసేపటికి లేచి లోపలికి వెళ్లి, మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగిన చప్పుడయింది. ఒక పాత కరపత్రం పట్టుకొచ్చారు. పసుపు కాగితం, నాలుగు మడతలు, నీళ్లలో నాని ఆరినట్టు అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. వేసవిలో లెక్చరర్లను ఊళ్ల మీదకు పంపేవాళ్లట, అడ్మిషన్లు పట్టుకురమ్మని. ఒక్కొక్కరు ఇన్ని సీట్లు తేవాలని లెక్క. సైకిలు వెనక ఈ కరపత్రాల కట్ట పెట్టుకుని అవనిగడ్డ, కోడూరు వైపు ఇల్లిల్లూ తిరిగానని చెప్పారు. ఆ సంగతి ఆయన పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు.

నేను: ఇది ఎందుకు రాయలేదు?

బాబాయి: సీట్ల కోసం గుమ్మాలు తొక్కానని రాసుకోమంటావా? పాఠం చెప్పేవాణ్ణి.

నేను: ఇదే రాయమంటాను. ఇంకొకరి జీవితచరిత్రలో కాదు. మీ పేరు మీద, మీ పుస్తకంగా. ఎన్ని సీట్లు తెమ్మన్నారు, సీటుకు మీకేమిచ్చారు, గుమ్మంలో ఆ ఇంటివాళ్లు ఏమడిగారు, మీరు ఏం చెప్పారు, చెప్పింది నిజమైందా లేదా. అచ్చయితే రేపు ఇంటర్ చదువుల మీద వ్యాసం రాసేవాళ్లకు అది మూలం. మీరు చెరుకు తోటలు హాస్టళ్లయ్యాయి అన్నారే, ఆ ఐదు పేజీలూ అందులోకి వెళతాయి. వాటిలో ఒక్క మాట కూడా కొట్టను.

బాబాయి: నాలాంటివాడి పుస్తకం ఎవరు చదువుతారు?

నేను: దీని మీద తేదీ ఉందా?

ఆయన కరపత్రాన్ని వెలుతురు వైపు తిప్పి చూశారు. ముందూ వెనకా చూశారు. తేదీ లేదు. ప్రెస్సు పేరున్న అడుగు భాగం చిరిగిపోయింది.

బాబాయి: తేదీ లేదమ్మా. కానీ ఇది ఎందుకు నానిందో తెలుసు. కోడూరులో ఉండగా గాలి మొదలైంది. సైకిలు అక్కడే ఒకరింట్లో వదిలేసి, కట్ట చొక్కా లోపల పెట్టుకుని దొరికిన లారీ ఎక్కాను. పెద్ద తుఫాను అది. 1990, మే నెల. తొమ్మిదో తారీకున తీరం దాటింది. నేను కోడూరు నుంచి బయలుదేరింది దానికి రెండు రోజుల ముందు.

నేను ఎర్ర పెన్నుకు మూత పెట్టి, పక్కనున్న నీలం పెన్ను ఆయన చేతికిచ్చాను. పదకొండో పేజీ వెనక వైపు ఖాళీగా ఉంది. ఆయన కాగితం తిప్పి, పైన తేదీ వేశారు: 1990 మే 7, కోడూరు.